రోగి మంచముపై లింగపూజ



ఆసుపత్రిలో పడియున్న మనుజుని అడిగిచూడుడు. తనకిచ్చు మందు పేరు చెప్పలేడు, వ్యాధి పేరైనను సరిగా చెప్పలేడు. ఇంటికి పోవు దినమును మాత్రము వ్రేళ్లపై లెక్కించి చెప్పును. పరుల నుద్దేశించి ఈ మాట అనుటలేదు. మధుమేహమువలన కాలికి పుండైన నేను గత వర్షకాలమున పదునొకండు దినములు వార్డులో నుంటిని.

అచటి దినము తెల్లవారకమునుపే మొదలగును. అయిదు గంటలకు నర్సు వచ్చి థర్మామీటరు పెట్టును, వ్రేలికొన గ్రుచ్చి నెత్తుటిలోని చక్కెర చూచును. పిమ్మట పుండు కడిగి కట్టు మార్చుదురు. పదిగంటలకు వైద్యులు వచ్చుదురు. వారు మంచమువద్ద నిలుచు రెండు నిమిషములకొరకే రోగి రేయింబవళ్లు కాచుకొనియుండును. "రేపు పంపుదుము" అన్నచో ఆనాటి చప్పిడి జావయు అమృతమగును. "చూతము" అన్నచో అదియే చేదగును.

నాకు మరియొక దిగులుండెను. సెలైను సూది ఎడమచేతికి గ్రుచ్చిరి. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని పూజించుట మన ఆచారము గదా! పైగా స్నానము లేదు. ప్రక్క మంచముపై ఎవరో వాంతి చేసికొనుచుండిరి. ఇచట లింగకాయ విప్పుటయా యని రెండుపూటలు పూజ మానితిని. ఇంటికి పోయిన పిమ్మట శుచిగా చేసికొందునని తలచితిని. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి యను అయిదు సూతకములును లింగధారికి లేవని మన పెద్దలు త్రోసిపుచ్చిరి. సభలలో ఈ మాట ఎన్నిమారులో చెప్పిన నేనే వార్డులో మరచితిని! సూది సంగతి నర్సమ్మతో అనగా, "ముందే చెప్పకూడదా తాతయ్యా" అని వెంటనే కుడిచేతికి మార్చినది. అడుగకయే నొచ్చుకొనుట మనకు అలవాటు.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరునితో కల్యాణమున కూడిన శరణులలో బట్టలుతుకు మాచయ్య, పడవనడుపు చౌడయ్య, వైద్యము చేయు సంగణ్ణ ఒకే పంక్తివారు. మలమూత్రముల పాత్ర నెత్తు ఆయా కాయకమును ఏ పంక్తిని నిలుపవలయునో నాకు ఆ మంచముపైననే తెలిసినది.

ఇక నా తప్పు చెప్పవలయును. మరునాడు పంపుదుమని వైద్యులు ఏడవనాడు అనిరి. ఆ రాత్రి రెండుమారులు చలిపుట్టి వణకితిని. తెల్లవారుసరికి జ్వరము దిగియుండెను గనుక థర్మామీటరునకు దొరకలేదు. చలి వచ్చినదా యని వైద్యులడిగిరి, లేదంటిని. కాలు నొచ్చుచున్నదా యనిరి, లేదంటిని. రెండవమాట నిజమే. మధుమేహము ముదిరిన కాలికి స్పర్శ తగ్గును; పుండు లోతునకు పోయినను నొప్పి తెలియకపోవచ్చును. కావుననే చలి, జ్వరము వంటి తక్కిన గురుతులను రోగి దాచరాదు. ఇది నాకు తెలియును. తెలిసియు బొంకితిని.

"రాత్రి రెండుసార్లు వణికారండీ. దుప్పటి చాలక నా చీర కూడా కప్పాను" అని నా ఇల్లాలు చెప్పివైచినది. కట్టు విప్పి లోతుగా చూడగా చీమున్నది. ప్రయాణమాగినది. ఆనాడు సాయంకాలమువరకు ఆమెతో మాటలాడనైతిని.

దీపములార్పిన పిదప పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని బెజ్జమహాదేవి జ్ఞప్తికి వచ్చినది. శివునకు తల్లి లేదే యని జాలిపడి ఆయనను బిడ్డగా పెంచిన తల్లి ఆమె. ఒకనాడు శివుడు గొంతున వ్యాధి తగిలిన పసివానివలె పాలు త్రాగకుండెను. ఆమె తల్లడిల్లి ప్రాణములు విడువ సిద్ధపడినది. ఆ బిడ్డ నోరువిప్పి చెప్పలేదు, తల్లియే కనిపెట్టినది. ఇచట నోరున్నవాడను, లింగమును మోయు ఈ దేహమును గూర్చియే బొంకితిని. ఇంటిపై ఆశ తప్పు కాదు. ఆ ఆశతో నేను ముందుగా మోసగించినది వైద్యునా, ఎదపైనున్న స్వామినా? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఉదయమున వైద్యులకు ఉన్నదున్నట్లు చెప్పి, ఇల్లాలిని మంచినీళ్లిమ్మని అడిగితిని. ఆమె నవ్వినది.

పదునొకండవనాడు కాగితము చేతికిచ్చిరి. ప్రక్క మంచము పెద్దమనిషికొరకు ఇంటివా రెవరును రాగా నేను చూడలేదు. "పోయివచ్చెద" నని అనబోగా, ఆసుపత్రిలో ఆ మాట అనరాదని ఇల్లాలు కన్నులతో వారించినది. శరణని చేతులు జోడించితిని. మరుసటి ఆదివారము ఆమె జావ కాచి, సీసాలో పోసికొని, ఒంటరిగనే మరల ఆ వార్డునకు పోయినది.