ఎరిగిన ఊరు – ఎరుగని నగరము

పల్లెటూరి బ్రతుకు మేలా, పట్టణవాసము మేలా అను ప్రశ్న చిరకాలముగా ఉన్నదే. కొందరు పల్లెలోని గాలిని, నీటిని, పాడిపంటలను పొగడుదురు. మరికొందరు పట్టణములోని విద్యను, వైద్యమును, ఉద్యోగములను పేర్కొందురు. ఇవన్నియు వసతులను గూర్చిన మాటలు. వసతులు కాలమును బట్టి మారును. నేడు పల్లెకు విద్యుత్తు, సెల్‌ఫోను వచ్చినవి. పట్టణమున త్రాగునీరు కొనుక్కొనవలసి వచ్చుచున్నది. 1901లో మన దేశమున నూటికి సుమారు 11 మంది పట్టణవాసులు కాగా, 2011 జనాభా లెక్కల నాటికి వారు 31 మంది అయిరి. పట్టణవాసుల సంఖ్య ఇట్లు పెరుగుచుండగా, అసలు భేదము మనిషికిని మనిషికిని నడుమ గల సంబంధములో ఎట్లున్నదో విచారింపవలెను.

పల్లెలో ప్రతివానిని అందరును ఎరుగుదురు. ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో ప్రొద్దెక్కకమునుపే ఇరుగుపొరుగునకు తెలియును. చావు సంభవించినచో పిలువకయే నలుగురు వత్తురు. ఈ ఎరుకయే పల్లెకు బలము. కాని దీనికి రెండవ ముఖము కూడ కలదు. "ఎవరి కొడుకువు నాయనా?" అను ప్రశ్నకు వచ్చు జవాబును బట్టియే ఒకనిని అరుగుపై కూర్చుండబెట్టుట, మరొకనిని వాకిట నిలువబెట్టుట జరుగుచు వచ్చినది. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో డాక్టర్ అంబేద్కర్ గ్రామవ్యవస్థను తీవ్రముగా విమర్శించెను. దానిని గ్రామద్వేషమనుట తగదు. వాకిట నిలువబడినవానికి ఊరు ఎట్లు కనబడునో ఆయన చెప్పెను.

నగరములో బస్సున ప్రక్కన కూర్చున్నవాని వంశమెవరికిని తెలియదు. అద్దె ఇంటికై పోయినపుడు కులమడుగువారు నేటికిని ఉన్నారు. అయినను వీధిలో, కర్మాగారములో మనిషి కొంత ఊపిరి పీల్చుకొనును. ఇది చిన్న మేలు కాదు. అయితే వంశము తెలియనట్లే అతని ఆకలియు అచ్చట ఎవరికిని తెలియదు. గోడకు ఆవల రోగి మూలుగుచున్నను ఈవలివారికి పట్టదు.

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను ప్రారంభమైనపుడు ఈ రెండు లోపములును ఒక్కమారే బయటపడినవి. మేడలు కట్టిన కూలీలు పనియు, తిండియు లేక మూటలు నెత్తిన బెట్టుకొని, బిడ్డలను చంకనెత్తుకొని రహదారుల వెంట నడచిరి. నగరము వారి చేతులను ఎరుగును గాని వారిని ఎరుగదు. ఇక ఊరు? తెలుగునాట పలు గ్రామములవారు పొలిమేరలలో ముండ్లకంపలు అడ్డువేసిరి. రోగభయము సహజమే. కాని ఆ కంపకు ఆవల నిలిచినవారిలో ఆ ఊరి బిడ్డలును ఉండిరి. అదే దినములలో దారి ప్రక్కన అన్నపు పొట్లములును, మంచినీళ్లును, చెప్పులును ఇచ్చినవారు పల్లెలలోను ఉండిరి, పట్టణములలోను ఉండిరి. వారు బాటసారి కులమడుగలేదు, ఊరడుగలేదు. అతని కాలి బొబ్బలను చూచిరి. అంతియే చాలినది.

పండ్రెండవ శతాబ్దిలో బసవేశ్వరుడు మంత్రిగా నున్న కళ్యాణము కూడ నగరమే. అది నేటి బీదరు జిల్లాలోని బసవకళ్యాణము. శరణులలో పడవ నడుపువారు, చెప్పులు కుట్టువారు, బట్టలుతుకువారు కలరు. వారు ఒకరినొకరు కాయకముచేత ఎరిగిరి, పుట్టుకచేత కాదు. పల్లెలోని ఆత్మీయతయు, నగరములోని స్వేచ్ఛయు ఒక్కచోట కూడుట సాధ్యమేనని దీనివలన తెలియుచున్నది.

కావున పాఠకులారా, నివాసము మార్చుకొనుట అందరికిని సాధ్యము కాదు; అవసరమును కాదు. పట్టణవాసి తన మేడ కావలివాని పేరేమో, అతని బిడ్డలు బడికి పోవుచున్నారో లేదో ఎరుగునా? పల్లెవాసి తన వాకిటికి వచ్చినవానిని "ఎవరి కొడుకువు?" అని అడుగుటకు ముందు "భోజనమైనదా?" అని అడుగునా? ఈ ప్రశ్నలను ఎవరికి వారు ఏకాంతమున వేసికొందురు గాక.