పాఠం ఎవరిది? – ఛాత్రోపాధ్యాయుని అనుభవంలో ఒక నైతిక ప్రశ్న

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఎడ్. శిక్షణను రెండేళ్లకు పెంచి, అందులో కనీసం 20 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశాయి. ఆ కాలాన్ని గురించి ఛాత్రోపాధ్యాయులు తరచుగా చెప్పే మాటలు రెండు: 'చాలా నేర్చుకున్నాం', 'మా పాఠాలు పూర్తయ్యాయి'. రెండూ యథార్థాలే. అయితే రెండింటిలోనూ పాఠం చెప్పినవారిదే. విన్న పిల్లల ప్రస్తావన లేదు.

తొలినాడే ఎవరూ నేర్పరులు కారు. తడబాటు లేనిదే బోధన అలవడదు. కాని ఛాత్రోపాధ్యాయుడు సంధిని తప్పుగా విడదీస్తే అతనికి పోయేవి కొన్ని మార్కులు. పిల్లవాడికి మిగిలేది తప్పుడు అవగాహన. ఈ అభ్యాసానికి పిల్లవాడి సమ్మతిని ఎవరూ అడగలేదు. కనుక ఛాత్రోపాధ్యాయుడు అతనికి ఋణపడి ఉన్నాడు.

పొరపాటు ఆ ఋణాన్ని పెంచదు. దాన్ని దాచడమే పెంచుతుంది. పర్యవేక్షకుడు వచ్చే రోజుకు అదే పాఠాన్ని ముందుగా చెప్పి, ఏ ప్రశ్నకు ఎవరు చేయెత్తాలో నిర్ణయించడం శిక్షణారంగం ఎరగని విషయం కాదు. గురజాడ 'కన్యాశుల్కం'లో వెంకమ్మ ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు సంభాషణను ప్రదర్శిస్తారు. అక్కడ మోసపోయేది వెంకమ్మ. కాని చెడేది వెంకటేశం చదువు. తెలియడం కన్న తెలిసినట్లు కనిపించడమే మేలని అతడు గురువు వద్దే గ్రహిస్తాడు. ముందే సిద్ధం చేసిన తరగతి కూడా పిల్లలకు ఈ పాఠాన్నే చెబుతుంది. అది ఏ పాఠ్యపథకంలోనూ ఉండదు.

ఈ దోషాన్ని ఛాత్రోపాధ్యాయునిపైనే మోపడం న్యాయం కాదన్న ఆక్షేపణకు బలముంది. అనుభవాలను నిజాయితీగా నమోదు చేయమనే దినచర్య పుస్తకానికీ మార్కులుంటాయి. వైఫల్యాన్ని రాస్తే మార్కులు తగ్గుతాయనే భయమున్నచోట సత్యం వెలువడదు. అయితే మూల్యాంకనంలోని ఒత్తిడి అసత్యానికి కారణాన్ని చూపగలదే గాని, దానిలో పిల్లలను భాగస్వాములను చేసే అధికారాన్ని ఇవ్వదు.

కాబట్టి మూల్యాంకనం అడగవలసిన ప్రశ్న మారాలి. పాఠం ఎంత నిర్దోషంగా సాగిందని కాక, జరిగిన దోషాన్ని మరునాడు పిల్లల ఎదుట ఎలా సరిదిద్దారని అడగాలి. నిన్న చెప్పింది తప్పని తరగతిలో ఒప్పుకొని, నల్లబల్లపై సరిచేసి రాసే ఉపాధ్యాయుడు ఋణం కొంత తీర్చుకుంటాడు. ఆనాటి పాఠం పిల్లలది కూడా అవుతుంది.