ఎముక చెప్పినంతే చెప్పాలి

చనిపోయి నూట యాభై ఏళ్లు దాటినవాళ్లకి మనం ఏమైనా బాకీ ఉన్నామా? సొంతవాళ్లయితే తద్దినం పెడతాం, పేరు చెప్పుకుంటాం. నేనడిగేది ముక్కూ మొహం తెలియనివాళ్ల సంగతి.

పంజాబ్‌లో అమృత్‌సర్ దగ్గర అజ్నాలా అనే ఊరుంది. అక్కడ ఒక పాత బావిలో 2014లో తవ్వితే గుట్టలుగా ఎముకలు బయటపడ్డాయి. పుర్రెలు, దవడలు, పళ్లు, వాటితోపాటు తుపాకీ గుళ్లు, నాణేలు, పతకాలు. 1857 తిరుగుబాటులో లాహోర్ నుంచి తప్పించుకున్న 26వ బెంగాల్ పటాలం సిపాయిలవి అని కొందరన్నారు. కాదు, 1947 దేశ విభజన అల్లర్లలో చచ్చిపోయినవాళ్లవి అని ఇంకొందరన్నారు. రెండూ నమ్మదగ్గ మాటలే. అందుకే చిక్కు.

టీవీ సీరియళ్లలో పోలీసాయన "ఎముకలు అబద్ధం చెప్పవు" అంటుంటాడు. నన్నడిగితే ఎముక అబద్ధమూ చెప్పదు, నిజమూ చెప్పదు. చెప్పేది మనం. కాకపోతే అది కొన్ని గుర్తులు దాచిపెట్టుకుంటుంది. వడ్రంగి పలక మీద మేకు దించితే పైన చిన్న బెజ్జం పడుతుంది, అడుగున పెచ్చు లేచి పెద్ద గుంట అవుతుంది. పుర్రె కూడా అంతే. దానికి లోపల ఒక గట్టి పొర, బయట ఒక గట్టి పొర, మధ్యలో స్పాంజి లాంటిది. గుండు దూరిన చోట బయట బెజ్జం చిన్నది, లోపలివైపు వెడల్పు. బయటికి వచ్చిన చోట తిరగేసి ఉంటుంది. అంటే ముందు నుంచి కాల్చారా, వెనక నుంచి కాల్చారా అన్నది మాంసం అంతా మట్టిలో కలిసిపోయాక కూడా తెలుస్తుంది. రెండు గుళ్లు తగిలితే ఏది ముందో కూడా చెప్పొచ్చు. రెండో దెబ్బకి వచ్చిన పగులు మొదటి పగులు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, దాన్ని దాటలేదు. మా సైన్స్ సారు బోర్డు మీద గీసి చూపించినప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఒక మనిషి చివరి క్షణం రెండు గీతల్లో ఉంది మరి.

ఇది ఆషామాషీ విద్య కాదు. అర్జెంటీనాలో సైన్యం ఎత్తుకెళ్లి చంపినవాళ్లని ఎదురుకాల్పుల్లో పోయారని రాసేశారు. క్లైడ్ స్నో అనే అమెరికా శాస్త్రవేత్త 1984 నుంచి అక్కడి కుర్రవాళ్లకి సమాధులు తవ్వడం నేర్పి, దగ్గర్నుంచి కాల్చిన గుర్తులు చూపించి, 1985లో సైన్యాధిపతుల మీద కేసులో సాక్ష్యం చెప్పాడు.

అయితే అజ్నాలాలో ఒక ఇబ్బంది ఉంది. తవ్వినవాళ్లు మంచివాళ్లే, భక్తితోనే తవ్వారు. కానీ శాస్త్రం తెలిసినవాళ్లు పక్కన లేరు. చాలా ఎముకలు విరిగిపోయాయి. ఇప్పుడు ఏ విరుగుడు 1857ది, ఏది గునపం దెబ్బ అని చూడాలి. కొత్త విరుగుడు అంచు తెల్లగా ఉంటుంది, పాతదానికి మట్టిరంగు పట్టి ఉంటుంది. అది కనిపెట్టకుండా ప్రతి పగులూ తెల్లవాడి తుపాకీదే అనేస్తే మన కోపం చల్లారుతుందేమో గానీ, ఆ చచ్చిపోయినవాడి మీద మనం ఇంకో కథ కట్టినట్టే.

మా అవ్వకి ఇదంతా చెప్తే, "ఎన్నేళ్లయినా సరే రా, ముందు నీళ్లల్లో కలపాలి గదా, పరీక్షలేంటి వాటికి" అంది. ఆమె మాట తీసిపారేసేది కాదు. ఎముకని పెట్టెలో పెట్టి నంబరు వేస్తే మనిషి వస్తువైపోతాడు. కానీ పరీక్ష చెయ్యకుండా కలిపేస్తే ఎవరి పేరున కలిపినట్టు? విభజనలో పోయినవాళ్లకి సిపాయిల పేరు పెట్టినా, సిపాయిలకి వాళ్ల పేరు పెట్టినా ఇద్దరికీ అన్యాయమే. కొన్ని పళ్లు తీసి ఉంచుకుని తక్కినవాటికి మర్యాద చెయ్యొచ్చు అని నా ఉద్దేశం. అవ్వ ఒప్పుకోలేదు.

ఆ పళ్లే తీర్పు చెప్పాయి. హైదరాబాద్ సీసీఎంబీ, కాశీ హిందూ విశ్వవిద్యాలయం, పంజాబ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసిన పరిశోధన 2022లో వచ్చింది. 50 నమూనాలకి డీఎన్ఏ, 85 నమూనాలకి ఐసోటోపు పరీక్ష చేశారు. పంటి పింగాణీ చిన్నప్పుడే తయారై మళ్లీ మారదు, అప్పుడు తాగిన నీళ్ల గుర్తు అందులో ఉండిపోతుంది. వీళ్లు పంజాబ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు కారు, గంగా మైదానం వాళ్లు. సిపాయిలే అన్నమాట.

ఇది చదివి నా పళ్ల గురించి ఆలోచించాను. అవ్వ పళ్లలో నెల్లూరు పెన్న నీళ్లుంటాయి. నా పళ్లలో పురసవాక్కం మెట్రో వాటర్, ఎండాకాలం లారీ నీళ్లు. రేపు ఎవరైనా చూస్తే నన్ను మద్రాసువాడని సరిగ్గానే చెప్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడని, తెలుగు మీడియంలో చదివాడని మాత్రం ఏ పన్నూ చెప్పదు. భాష ఎముకలో ఉండదు. నమ్మకం కూడా ఉండదు, భయమూ ఉండదు.

కాల్చినవాడి మనసు కూడా ఉండదు. దానికి కాగితం కావాలి. ఇక్కడ కాగితం ఉంది. అప్పటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ 1858లో పుస్తకమే వేసుకున్నాడు, సిగ్గుపడి కాదు, గొప్పగా. 1857 ఆగస్టు 1న పదేసి మందిని పిలిచి కాల్పించాడు. 237 మంది అయ్యాక, గదిలో కుక్కినవాళ్లలో 45 మంది ఊపిరాడక పోయి ఉన్నారు. మొత్తం 282. నేరం నేరస్థుడే రాసిపెడితే ఇంక ఎముకలతో పనేంటి అని మా క్లాసులో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. కూపర్ లెక్క రాశాడు, వీళ్లు ఏ ఊరి నీళ్లు తాగారో రాయలేదు. అతని కథలో వాళ్లు తిరుగుబాటుదార్లు, అంతే. పంటి కథలో వాళ్లు ఒకప్పుడు పిల్లలు.

కాల్చే ముందు వరసగా పేర్లు రాసుకున్నామని కూడా కూపరే చెప్పాడు. కానీ ఏ పేరుకి ఏ పన్నో తెలియాలంటే బతికున్న చుట్టం ఒకరు ముందుకొచ్చి రక్తం ఇవ్వాలి. గంగ ఒడ్డున ఏదో ఊళ్లో అలాంటివాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల ముత్తాత తండ్రి పటాలంలో చేరి తిరిగిరాలేదని విని ఉంటారో లేదో.