రోజు విడిచి రోజు వచ్చేవాళ్ళు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి దొడ్డమ్మ ఆశీస్సులు.

సోంపేట డయాలసిస్ సెంటర్లో నర్సుగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఐసీయూ అయితే పని వచ్చేది, ఇక్కడ మిషన్ తిప్పడమేగా, రోజూ అవే మొహాలు" అని గునుస్తున్నావట. రిటైరయ్యేదాకా ఆ మిషన్ల మధ్యే తిరిగినదాన్ని కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మిషన్ సంగతి. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలండులో, కాంపెన్ అనే ఊళ్ళో కోల్ఫ్ అనే డాక్టరు సెల్లోఫేన్ గొట్టం చుట్టిన పీపాతో కృత్రిమ కిడ్నీ నడిపాడు. దాని మీద 1944లో అచ్చయిన వ్యాసంలో డాక్టర్ల పేర్లతోపాటు టెర్ వెల్లె అనే నర్సు పేరు కూడా ఉంది. మిషన్ పుట్టిన రోజుల్నుంచీ దాని పక్కన మనవాళ్ళున్నారు. అది చిన్న పని అని ఎవరన్నా నమ్మకు.

ఇక మొహాలు. వేరే వార్డుల్లో రోగి నయమై వెళ్తాడు, లేదా పోతాడు. నీ దగ్గరికొచ్చేవాళ్ళు వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు, ఏళ్ళ తరబడి వస్తారు. షుగరు లేని, బీపీ ఎరగని కొబ్బరితోట కూలీకి కూడా మీ సోంపేట చుట్టూ ఉన్న ఉద్దానంలో కిడ్నీలెందుకు పాడవుతున్నాయో, ఎందరొచ్చి పరీక్షలు చేసినా ఇదీ కారణమని తేలలేదు. "నేనేం తప్పు చేశాను సిస్టర్" అని అడుగుతారు. ఏ తప్పూ చేయలేదని చెప్పు. ఓదార్పు కోసం కాదు, అది నిజం కాబట్టి.

రెండు నెలలు తిరిగేసరికి ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరి జీడితోట తాకట్టులో ఉందో నీకు తెలిసిపోతుంది. ఆ చనువు మంచిదే. దాని వెనకే అలవాటు వస్తుంది, జాగ్రత్తంతా దానితోనే. అలవాటు పడ్డ నర్సు మొట్టమొదట మానేసేది చెయ్యి చూడటం. సూది గుచ్చేముందు ప్రతిసారీ, డయాలసిస్ కోసం చేతిలో కలిపి కుట్టిన ఫిస్టులా మీద వేళ్ళుంచు, జుమ్మని తగలాలి. స్టెత్ పెట్టి విను. ఎర్రబడిందా, వేడెక్కిందా, మొన్నటికంటే ఉబ్బిందా చూడు. "పాత చోటే వెయ్యి సిస్టర్, నొప్పుండదు" అని బతిమాలతారు. వేస్తూ పోతే అక్కడ నరం పలచబడి ఉబ్బుతుంది, ఒకనాడు పగిలినా పగులుతుంది. కొంచెం కొంచెం జరుపుకుంటూ వెయ్యి. నీ వల్ల కాకపోతే సీనియర్‌ని పిలువు. మొహమాటం నీది, వాచే చెయ్యి అతనిది.

ఏసీ చలికి దుప్పటి అడుగుతారు. కప్పు, కానీ సూదులున్న చెయ్యి బయటే ఉండాలి. మిషన్ నిమిషానికి 300 మిల్లీలీటర్ల దాకా రక్తం తిప్పుతుంది. రక్తం వెనక్కి వెళ్ళే సూది ఊడి దుప్పటి కింద కారితే మూడు నాలుగు నిమిషాల్లో లీటరు పోతుంది. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు. అలారం మోగుతుందిలే అనుకోకు, సూది ఊడినా అది మోగని సందర్భాలున్నాయి. మోగినప్పుడు కూడా మోత ఆపే చేతికన్నా ముందు కళ్ళు మనిషి మీదికి పోవాలి.

చార్టులో నాలుగు గంటల బీపీ ఒక్కసారే నింపేసే ఘనులు ప్రతి చోటా ఉంటారు. వరసగా 130/80, 130/80. నువ్వు చూడని అంకె రాయకు. ఊపిరి సలపని రోజున గడి ఖాళీగా వదిలెయ్, సంజాయిషీ అడిగితే ఇచ్చుకో. దొంగ అంకెను నమ్మి డాక్టరు మందు మారిస్తే దానికి సంజాయిషీ ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది తిట్ల గురించి. శనివారం వెళ్ళినవాడు మంగళవారం నాలుగు కిలోలు పెరిగి ఆయాసపడుతూ వస్తాడు. గంటకి కిలో బరువుకి 13 మిల్లీలీటర్లు దాటకూడదన్న లెక్కన, యాభై కిలోల మనిషికి నాలుగు గంటల్లో తీయగలిగే నీరు రెండున్నర లీటర్ల పైచిల్లర. అంతా లాగేద్దామని చూస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి కేకలు పెడతాడు. నీకు ఒళ్ళు మండుతుంది. "నీళ్ళు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని నలుగురిలో అరుస్తావు. తండ్రి వయసున్నవాడు తల దించుకుంటాడు. మర్నాటి నుంచీ నీకు నిజం చెప్పడం మానేస్తాడు. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నదీ, విరేచనం నల్లగా అయినదీ దాచేస్తాడు, నువ్వేమో మామూలు ప్రకారం రక్తం గడ్డకట్టకుండా హిపారిన్ ఇచ్చేస్తావు. తిట్టు ఖరీదు అది. నీళ్ళ మాట పక్కనపెట్టి ఉప్పు సంగతి అడుగు. ఆవకాయ, ఎండు నెత్తళ్ళు తిని దాహం ఆపుకోవడం ఎవరి తరం? కొబ్బరినీళ్ళ దగ్గర మాత్రం గట్టిగానే ఉండు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుంది. అయినా పుట్టినప్పటినుంచీ చెట్టు కిందే పెరిగి, జ్వరమొస్తే అవే తాగినవాడికి అది విషమని ఒక్కసారి చెప్తే ఎక్కదు. ఇంటావిడను కూర్చోబెట్టి చెప్పు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఒడియావాళ్ళుంటారు, తల ఊపినంతమాత్రాన అర్థమైందనుకోకు. నాలుగు మాటలు నేర్చుకుంటే నీ సొమ్మేం పోదు.

పొద్దుటి షిఫ్టు కోసం జీడిపప్పు పొట్లాలు వస్తాయి. తీసుకోకు. నెలకి 10,000 పింఛనుతో ఇల్లు నడుపుతున్నవాళ్ళవి అవి. పైగా ఆ షిఫ్టు నిజంగా కావలసినవాడు తెచ్చుకోలేనివాడే అవుతాడు.

ఏదో ఒకరోజు ఒక మంచం ఖాళీ అవుతుంది. "ఆయన రాలేదేం?" అని పక్కవాళ్ళడుగుతారు. ఊరెళ్ళాడని అబద్ధం చెప్పేవాళ్ళున్నారు, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒకే షిఫ్టులో ఏళ్ళు గడిపినవాళ్ళు, సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుంది. దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పు, వాళ్ళు మాట్లాడితే విను. ఆ పూట బీపీలు కాస్త తరచుగా చూసుకో. నీకు ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు, సూది చేతిలో ఉన్నప్పుడు తప్ప.

హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టావా? మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. చాలామంది మూడోది మర్చిపోతారు. అదయ్యాక ఒకటి రెండు నెలలకి రక్తపరీక్షలో యాంటీబాడీలు వచ్చాయో లేదో చూపించుకో. తేదీలు నాకు రాసి పంపు, నేను గుర్తుచేస్తాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
దొడ్డమ్మ