పిడి ఊడిన గొడ్డలి

చదువవలసిన భాగము: ద్వితీయోపదేశకాండము 19:1–7



ఇద్దరు పొరుగువారు కట్టెలు కొట్టుటకు అడవికి పోయిరి. ఒకడు చెట్టుమీద గొడ్డలి వేయగా ఇనుము పిడినుండి ఊడి రెండవవానికి తగిలెను, వాడు చనిపోయెను. కొట్టినవానికి వానిమీద అంతకుముందు పగ లేదు. అట్టివాడు పారిపోయి బ్రదుకునట్లు దేవుడు మూడు పట్టణములను ఏర్పరచుమనెను. అంతేకాదు, అక్కడికి త్రోవకూడ సిద్ధపరచుమని ఆజ్ఞాపించెను. వదులైన పిడి ఎట్టిదో పల్లెటూరివారమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నాలుకయు అట్లు ఊడునా? ఊడును. 1885లో జార్జ్ జిల్ ద లా టూరెట్ అను ఫ్రెంచి వైద్యుడు తొమ్మండుగురు రోగులనుగూర్చి వ్రాసెను. ఆయన పేరనే దానిని టూరెట్ వ్యాధి అందురు. ఇది మెదడుకు సంబంధించినది. సాధారణముగా చిన్నతనమందే కనురెప్పలు టపటప కొట్టుకొనుటతో మొదలగును. భుజము ఎగురవేయుట, మెడ విదల్చుట, గొంతులో శబ్దములు తరువాత వచ్చును. తుమ్మువలె లోపలినుండి తరుముకొని వచ్చును. కొంతసేపు బిగబట్టవచ్చును గాని తుదకు బయటపడును. ఈ వ్యాధిగలవారిలో కొద్దిమందికి, నూటికి పది పదునైదుగురికి మాత్రము, బూతులును తిట్లును నోట వచ్చును. ఎక్కడ ఏ మాట పలుకకూడదో అక్కడ ఆ మాటయే వచ్చుట కలదు. బెదిరించినకొలది అది హెచ్చును.

స్కాట్లాండులోని గాలాషీల్స్ అను ఊరివాడైన జాన్ డేవిడ్‌సన్ ఇట్టివాడు. 1989లో బి.బి.సి. వారు అతని బాల్యమునుగూర్చి చిత్రము తీసి, జానుకు వెర్రి లేదు అను అర్థము వచ్చు పేరే దానికి పెట్టిరి. ఈ వ్యాధినిగూర్చి ప్రజలకు బోధించినందుకు 2019లో అతనికి బిరుదు లభించెను. దానిని అందుకొనునప్పుడు ఎలిజబెత్ రాణి ఎదుటనే ఆమెను దూషించు మాట అతని నోట వెలువడెను. రాణి కలత చెందక తన పని తాను జరిగించెను.

అయితే 2026 ఫిబ్రవరిలో లండనులో జరిగిన సినిమా బహుమతుల సభలో, మైకేల్ బి. జోర్డన్, డెల్రాయ్ లిండో అను నల్లజాతి నటులిద్దరు వేదికమీద నుండగా, వారి జాతిని నీచపరచు మాట అతని నోట వచ్చెను. లోకము రెండుగా చీలెను. అతడట్టి సభకు రానేకూడదని కొందరనిరి. అది రోగము, దానికి నొచ్చుకొననేల అని మరికొందరు ఆ నటుల పక్షమువారిని గద్దించిరి. సభ ముగిసినతరువాత నిర్వాహకులలో ఎవరైనను వచ్చి తమతో మాటలాడియుండిన బాగుండునని లిండోగారు అనెను. ఆ మాట మమ్మును గ్రుచ్చినది.

ఏలయనగా మేమును అట్లే చేసితిమి. ఒక ఆదివారమున ప్రభురాత్రి భోజన సమయమందు అందరు మౌనముగా నుండగా పండ్రెండేండ్ల పిల్లవాడొకడు గట్టిగా ఒక మాట అరచెను. మన పెద్దలను కళ్లములలోను చెరువుగట్లమీదను ఏ మాటతో పిలిచి గెంటిరో ఆ మాట. గిన్నె చేతబట్టుకొనియున్న ఒక వృద్ధుని చేయి వణికెను. మేము ఆ తల్లికి చేసైగ చేసితిమి. ఆమె కొంగుతో పిల్లవాని నోరు మూసి బయటికి తీసికొనిపోయెను. సంస్కారము జరిగించితిమి. ఆ వృద్ధునితో ఒక్క మాటయైన మాటలాడలేదు.

ఆ సాయంకాలము గుడి వరండాలో కొందరు దయ్యమనిరి, ఉపవాస కూటమునకు తెచ్చి కొట్టింపుమనిరి. కొందరు తల్లి పెంపకమునుగూర్చి చెప్పకూడని మాటలు చెప్పిరి. హృదయము నిండియున్నదానినిబట్టి నోరు మాటలాడునని ప్రభువు చెప్పలేదా అని ఒకరు అడిగిరి. చెప్పెను, మత్తయి 12లో ఉన్నది. గాని ఆ దినమున నిండిన హృదయమునుండి వచ్చిన మాటలు ఆ పిల్లవానివా, వరండాలోనివా? ధర్మశాస్త్రము గొడ్డలి ఊడినవానిని అడుగునది ఒక్కటే: ముందు పగ ఉండెనా? ఆ పిల్లవానికి ఎవరిమీదను పగ లేదు. హన్నా పెదవులను చూచి ఆమెను మత్తురాలని తలంచిన ఏలీయైనను ఆమె జవాబు విని ఆమెను దీవించెను. మేము ఆ తల్లిని అడుగనైనను లేదు.

ఆ పిల్లవాడు మూడు ఆదివారములు రాలేదు.

పిమ్మట మేము మొదట ఆ వృద్ధుని యింటికి పోతిమి. “అబ్బాయి తప్పు లేదని నాకు తెలుసు అయ్యగారూ. అయినా చెవిని పడింది గదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు” అనెను. ఊడిన ఇనుమే అయినను తగిలినవానికి గాయమే. క్షమించుమని మేము ఆయనను తొందరపెట్టలేదు. తన తండ్రిని ఆ మాటతో పిలిచిన దొరనుగూర్చి ఆయన చెప్పుచుండగా దీపాలవేళవరకు కూర్చుండి వింటిమి.

తరువాత ఆ తల్లి యొద్దకు పోతిమి. పట్టణములో నరముల వైద్యునికి చూపించుదమనియు, మేమును వెంట వచ్చెదమనియు చెప్పితిమి. పిల్లవాడు తలుపుచాటున నిలిచి భుజము ఎగురవేయుచుండెను. గుడికి రమ్మని పిలిచితిమి.

“వాడు మళ్లీ అంటే, అయ్యగారూ?”

“అంటాడమ్మా. అయినా తీసుకొని రా” అని చెప్పితిమి.