తెల్లవారువరకు ఊరకుండవచ్చునా?

ధ్యానభాగము: 2 రాజులు 7వ అధ్యాయము



షోమ్రోను గుమ్మమునొద్దనున్న నలుగురు కుష్ఠరోగుల సంగతి మీరెరుగుదురు. సిరియనుల గుడారములలో వారు కడుపార తిని, వెండి బంగారములు దాచుకొనిరి. అయితే పట్టణములో తమవారు ఆకలితో చచ్చుచుండగా తెల్లవారువరకు ఊరకుండుట తగదని వారికే తోచెను. వారికి దొరికినది మంచి వార్త. చేదు వార్త దొరికినవారి మాట ఏమి?

కొల్లేటి లంక గ్రామమందలి ఒక గర్భిణి ఏలూరులో రక్తపరీక్ష చేయించుకొనగా, తలసేమియా క్యారియరని తేలినదనుకొందము. ఇది అంటువ్యాధి కాదు. క్యారియరుకు సాధారణముగా ఏ జబ్బును ఉండదు. కాని భార్యాభర్తలిద్దరును క్యారియర్లయినయెడల, ప్రతి కాన్పులోను బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. అట్టి బిడ్డకు కొన్ని వారములకొకసారి రక్తమెక్కించుచుండవలెను. ఇప్పుడు తాడేపల్లిగూడెములోని ఆమె అక్క కూతురును అన్న కుమారునికిచ్చుటకు మాటలు జరుగుచున్నవి. మేనరికము! అత్తగారేమో, "నోరు మెదపకు, ఇంటి పరువు పోవును" అనుచున్నది.

1998లో సుప్రీంకోర్టు, హెచ్.ఐ.వి. గల ఒక వరుని సంగతి ఆసుపత్రి తెలియజేయుట తప్పు కాదనెను. ఏలయనగా కాబోవు భార్య ప్రాణమునకే అపాయము. తలసేమియా అట్లంటునది కాదు. రోగి రహస్యమును కాపాడవలెనని 2002 నాటి వైద్యుల నియమావళి చెప్పుచున్నది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. గనుక డాక్టరుగారు అక్క ఇంటికి పోయి చెప్పరు. పాస్టరుగాని, బైబిలు స్త్రీగాని చెప్పరాదు. ప్రార్థన మనవి అను పేరిట సంఘమంతటికి చాటుట మరియు చెడ్డది. అది మనలో కొందరికి బాగుగా అలవాటు.

అయితే ఆమె తన మాట తాను చెప్పుకొనుటను ఏ చట్టమును ఆపదు. ప్రధానమునకు ముందే ఆమె పోయి, అక్కతోను అన్నతోను ఏకాంతముగా చెప్పవలెను. వారి పిల్లలిద్దరిలో ఒక్కరే క్యారియరైనచో, పుట్టు బిడ్డకు ఆ తీవ్రవ్యాధి రాదు. పెండ్లి మానుడని ఆమె చెప్పుట లేదు, పరీక్ష చేయించుడని మాత్రమే.

సికిల్ సెల్ అను వ్యాధియు ఈలాగే తల్లిదండ్రులనుండి సంక్రమించును. గిరిజన ప్రాంతములలో 7 కోట్లమందిని పరీక్షింపనుద్దేశించిన జాతీయ కార్యక్రమము 2023 జూలై 1న ఆరంభమైనది. బుట్టాయగూడెము ఏజెన్సీలోని సంఘములవారును దీనిని ఆలోచింతురు గాక.

"ఇది ఎవరి పాపము?" అని తప్పక అడుగువారుందురు. పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులును అట్లే అడిగిరి. వానిదైనను, వాని తలిదండ్రులదైనను కాదని ప్రభువు సెలవిచ్చెను. అక్క మొదట కోపగించి మాటలాడకపోవచ్చును, క్రిస్మసుకు పిలువకయు పోవచ్చును. పరీక్ష కాగితము నకలు ఆమె చేతికిచ్చి రావలెను. కోపము తగ్గిన పిమ్మట డాక్టరుకు చూపుటకు అది కావలసియుండును.