గొయ్యి తవ్వినవాని బాధ్యత



ఎవరు తీసిన గోతిలో వారే పడతారని మన పెద్దలు అంటారు. కీడు తలపెట్టినవానికే కీడు కలుగుతుందన్న ధైర్యం ఆ సామెతలో ఉంది. కాని ఆ సామెతను అబద్ధం చేసిన ఆయుధం ఒకటి ఉంది. అదే మందుపాతర. పూర్వం మన రైతులు కరువునాటికి పిల్లలు పస్తుండకూడదని జొన్నలు పాతర వేసేవారు. ఆ మాటే నేడు ప్రాణాలు తీసే వస్తువుకు పేరైంది. దాన్ని పాతిన సైనికుడు ఏనాడో ఇల్లు చేరుకుంటాడు. దానిపై కాలు వేసేది కట్టెలకు వెళ్ళిన తల్లి, మేకలు తోలుకెళ్ళిన పిల్లవాడు.

క్లస్టర్ బాంబు దీనికి తోబుట్టువే. అది గాలిలో విచ్చుకొని వందలకొద్దీ చిన్న బాంబులను వెదజల్లుతుంది. లావోస్ దేశంపై 1964 నుండి 1973 వరకు అమెరికా విమానాలు ఇటువంటి చిన్న బాంబులను సుమారు 27 కోట్లు కురిపించాయి. వాటిలో దాదాపు 8 కోట్లు పేలకుండా పొలాల్లో, అడవుల్లో ఉండిపోయాయి. యుద్ధం ముగిశాక కూడా అక్కడ సుమారు 20 వేలమంది వీటివల్ల మరణించడమో, గాయపడడమో జరిగింది. బంతి అనుకొని చేతిలోకి తీసుకున్న పసివారు వారిలో ఉన్నారు.

ఈ పాపం ఎవరిది? విమానం నడిపినవానిదా? ఆజ్ఞ ఇచ్చినవానిదా? బాంబు తయారుచేసినవానిదా? అడిగితే అందరూ ఒకే మాట అంటారు: "ఆ బిడ్డను చంపాలని మేము అనుకోలేదు." అది నిజమే కావచ్చు. చావైన పాపానికి పూర్తి తెలివి, పూర్తి సమ్మతి ఉండాలని మనం సత్యోపదేశంలో నేర్చుకున్నాం. అయితే వీరంతా నిర్దోషులేనా?

నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఒక చిన్న చట్టం ఉంది. ఒకడు గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, పొరుగువాని ఎద్దో గాడిదో అందులో పడి చస్తే, తవ్వినవాడు నష్టం చెల్లించాలి. ఎద్దు చావాలని నీవు కోరుకున్నావా అని ఆ చట్టం అడగదు. ఎందుకు మూయలేదని అడుగుతుంది. మన ఊళ్ళలో నీళ్ళు పడని బోరుబావిని మూయకుండా వదిలేయగా పసివాడు అందులో పడితే, "నేను చంపాలనుకోలేదు" అన్న మాటతో ఆ తల్లి ఊరుకుంటుందా? ఎద్దుకే లెక్క అడిగిన దేవుడు బిడ్డకు అడగడా?

తుపాకి పట్టినవాడు ఎదుట ఉన్నది పిల్లవాడని చూసి ఆగవచ్చు. మందుపాతర ఆగలేదు. ఆగలేదని తెలిసే దాన్ని ఎన్నుకొన్నవాడు తన మనస్సాక్షిని కూడా దానితోపాటు మట్టిలో పాతిపెడుతున్నాడు.

ఈ సత్యం గ్రహించిన కొన్ని స్వచ్ఛంద సంస్థలు 1992లో ఏకమై ఉద్యమం ప్రారంభించాయి. ఫలితంగా 1997 డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో మందుపాతరల నిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ఆ ఉద్యమానికి, దాని నాయకురాలు జోడీ విలియమ్స్‌కు ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి లభించింది. 2008 డిసెంబరు 3న ఓస్లోలో క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందంపై సంతకాలు జరిగినప్పుడు వాటికన్ అదే రోజున దాన్ని ధ్రువీకరించింది. ఈ ఒప్పందాలు ఆయుధాన్ని నిషేధించి ఊరుకోలేదు. నేలను శుభ్రం చేయాలని, గాయపడినవారిని ఆదుకోవాలని కూడా చెప్పాయి. అంటే గొయ్యి మూయాలి, నష్టం చెల్లించాలి. మోషే చట్టం చెప్పినదీ అదే.

అయితే అమెరికా, రష్యా, చైనా, భారత్, పాకిస్తాన్ ఈ ఒప్పందాలలో చేరలేదు. 2025లో ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, ఫిన్లండ్, పోలండ్ దేశాలు రష్యా భయంతో ఒట్టావా ఒప్పందం నుండి వైదొలగుతున్నట్లు ప్రకటించాయి. ఆ భయాన్ని మనం తేలికగా తీసిపారేయకూడదు. వాకిట దొంగ నిలబడినప్పుడు ఇల్లు కాపాడుకొనే హక్కును శ్రీసభ ఎన్నడూ కాదనలేదు. కాని దొంగ వెళ్ళిపోయాక మందుపాతర వెళ్ళిపోదు. 2001-02లో మన పశ్చిమ సరిహద్దు పొలాల్లో శత్రువు కోసం పాతిన మందుపాతరలకు బలైనవారిలో మన రైతులు, మన సైనికులు ఉన్నారు. ఇల్లు కాపాడడానికి పెట్టిన కాపలా ఇంటివారినే కాటువేస్తే దాన్ని రక్షణ అనగలమా?

మనం మందుపాతరలు పాతలేదు కదా అని ఊరుకోవద్దు. పౌరులుగా మన పేరిట జరిగేదాన్ని గురించి అడిగే హక్కు మనకుంది. ఈ ఆదివారం దివ్యబలిపూజలో విశ్వాసుల ప్రార్థన సమయాన, నడవడానికి భయపడే నేలపై జీవించే కుటుంబాలను తలచుకుందాం. ఇంటికి వచ్చాక పిల్లలతో ఆ గొయ్యి చట్టాన్ని చదువుదాం. "నేను అనుకోలేదు" అన్న మాటతో మన లెక్క పూర్తికాదనీ, "నీకు తెలిసీ ఎందుకు మూయలేదు?" అన్న ప్రశ్న మిగిలే ఉంటుందనీ వారికి చెబుదాం.